చంక క్రింది ఒర

హనుమంతునిపాడు ప్రాంతమున వేసవి నాళ్లలో ఒంటిమీది చొక్కాయే బరువనిపించును. అట్టి ఎండలో చొక్కా లోపల రివాల్వరు ధరించి తిరుగవలసిన లైసెన్సుదారుల సంగతి నేడు ముచ్చటింపదలచితిమి.

2016 నాటి ఆయుధ నియమముల ననుసరించి, బహిరంగ స్థలమున చేతి తుపాకిని ఒరలో నుంచి, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకొనవలెను. నడుమునకు కట్టిన ఒర కూర్చున్నపుడు పొట్టలో గ్రుచ్చుకొనును గనుక, కొందరు భుజమునుండి చంక క్రిందికి వ్రేలాడు ఒరను కోరుదురు.

2014లో కాన్పూరు కర్మాగారము వెలువరించిన ‘నిర్భీక్’ రివాల్వరు సుమారు 500 గ్రాములు. ఆ బరువంతయు సన్నని పట్టీపై పడినచో సాయంకాలమునకు భుజము కమిలిపోవును. పట్టీలు వెడల్పుగా నుండి, వీపున కలిసి, బరువును రెండు భుజములకు పంచవలెను. ఒర అడుగును నడికట్టుకు బిగించినచో వంగినపుడు ఊగదు. తోలు చెమటను పీల్చును, చెమట ఇనుమునకు త్రుప్పు పట్టించును. కావున లోపల నూలు బనియను తొడిగి, రాత్రి ఆయుధమును తుడిచి, ఒరను నీడన ఆరబెట్టవలెను. కాల్పు మీట పూర్తిగా కప్పబడవలెను. గొట్టము వెనుకకు చూచు ఒరకంటె నేలను చూచునది మేలు. వెనుక నడచువారు మనవారే గదా!

సౌకర్యము విలాసము కాదని మా మనవి. ఒరుసుకొను ఒరను మనిషి ఇల్లు చేరగానే విప్పి గూట పడవేయును. గూటిలోని తుపాకి పిల్లవాని చేతికందును. కావున కొనుటకు ముందే, ఖాళీ చేసిన ఆయుధముతో గంటసేపు ధరించి, కూర్చుండి, వంగి చూడుడు. విప్పిన వెంటనే తూటాలు తీసి, పెట్టెలో పెట్టి తాళము వేయుడు.