చుక్కలు సరే, సూది వేయించారా?

మన సభలో ఎప్పుడూ జీతాలు, వీసాల ముచ్చటే. ఇవాళ కాసేపు ఊళ్లో ఉన్న మన చంటిపిల్లల సంగతి మాట్లాడుకుందాం.

ఫోన్‌లో "పోలియో వేయించినవా?" అని అడుగుతాం. "ఆదివారం చుక్కలేసిండ్రు" అంటారు. అంతటితో మనకు నిశ్చింత. కానీ పల్స్ పోలియో చుక్కలు అదనం. వయసు ప్రకారం వేసే టీకాల లెక్క వేరు. పుట్టగానే, 6, 10, 14 వారాలకు, మళ్లీ ఏడాదిన్నర ప్రాంతంలో చుక్కలు. 6, 14 వారాలకు, 9 నెలలు నిండాక పోలియో సూది. ఈ మూడో సూది 2023 జనవరిలోనే మొదలైంది. అందుకే "పెద్దదానికి లేంది చిన్నోడికెందుకు?" అని ఇంట్లో ముసలివాళ్లు అడుగుతుంటారు.

న్యాయమైన ప్రశ్నే. పోలియో వైరస్ మూడు రకాలు. రెండో రకం సహజ వైరస్ లోకంలోనే లేకుండా పోయిందని 2015లో ప్రకటించారు. చుక్కల్లో ఉండేది బలం తగ్గించిన వైరస్. టీకాలు పడని పిల్లలు ఎక్కువున్న చోట అది ఒకరి నుంచి ఒకరికి పాకి, ఎప్పుడో అరుదుగా మళ్లీ బలం పుంజుకుంటుంది. అందుకని 2016 ఏప్రిల్‌లో మన దేశంలో చుక్కల నుంచి రెండో రకాన్ని తీసేశారు. ఇప్పుడు దాని నుంచి కాపాడేది సూది ఒక్కటే. ఆ ఏడాదే హైదరాబాద్ మురుగునీటిలో అలా మారిన రెండో రకం వైరస్ కనబడితే, జూన్‌లో వారం రోజుల్లో 3 లక్షల మందికి పైగా పిల్లలకు సూది వేశారు.

దేశంలో సహజ వైరస్‌తో చివరి కేసు 2011 జనవరిలో, హావ్‌డాలో. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో మాత్రం ఇంకా పోలేదు. అక్కడి కార్మికులు మన పక్క మంచాల మీదే పడుకుంటారు. మనలాగే పొట్టకూటికి వచ్చినవాళ్లు, వాళ్ల తప్పేం లేదు. మన పిల్లలకు టీకాలు పూర్తయి ఉండాలి, అంతే.

మా క్యాంపులో ఒక తమ్ముడి భార్య బిడ్డతో తల్లిగారింటికి పోయింది. టీకాల కార్డు అత్తగారింట్లోనే ఉండిపోయింది. ఇక్కడి ఆశమ్మ వచ్చి, బిడ్డ లేదని వెళ్లిపోయింది. అక్కడి ఆశమ్మ లిస్టులో బిడ్డ పేరే లేదు. మనవాడు అమ్మతో కార్డు ఫోటో తీయించి చూస్తే తొమ్మిది నెలల గడి ఖాళీ! బిడ్డకప్పటికి పదకొండో నెల. వచ్చే బుధవారమే తల్లిగారి ఊరి సబ్‌సెంటర్‌లో వేయించారు, పైసా ఖర్చు లేకుండా. "వేరే ఊళ్లో కూడా వేస్తరని మాకు తెల్వనే తెల్వదు" అన్నాడు.

ఈ శుక్రవారం మనమూ కార్డు ఫోటో అడుగుదాం. చదవడం రాకపోతే మన కమిటీవాళ్లకు చూపించండి, గడులు కలిసి చూద్దాం.