నోరు కట్టుకొనుట, లెక్క వ్రాసికొనుట



"లంఖణము పరమౌషధము" అని మన పెద్దలు చెప్పుచుండెడివారు. జ్వరమునకో అజీర్ణమునకో చెప్పిన ఆ మాటను దేహభారము తగ్గించుకొనుటకు అన్వయించుకొని, కొన్ని సంవత్సరముల క్రిందట మేము పొరపడితిమి. ఆ పొరపాటుతోనే నేటి ప్రసంగమును ప్రారంభింతుము.

మా నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటినదని వైద్యులు హెచ్చరించిరి. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించిన నడుము మధుమేహమునకును హృద్రోగమునకును దారితీయునని నేటి వైద్యుల మతము. మరునాటినుండియే మేము రాత్రి భోజనము మానితిమి; నేయి, తీపి, ఆవకాయ అన్నియు విడిచితిమి. పది దినములు భీష్మప్రతిజ్ఞవలె సాగెను. పదునొకండవనాటి రాత్రి ఇంటివారందరు నిద్రించిన పిదప, దీపమైనను వెలిగింపక, వంటయింటిలో సున్నుండల డబ్బా మూత తీసితిమి. నిలుచుండియే నాలుగు తింటిమి. మూత చప్పుడునకు మేల్కొన్న మా తల్లిగారు గడపలో నిలిచి, "ఆకలేసినవాడికి సిగ్గెందుకు నాయనా? అదేదో పగలే తినరాదూ!" అనిరి.

ఆ మాటలోని వివేకము మాకు ఆనాడు తెలియలేదు. మాకు నిగ్రహము లేదని తీర్మానించుకొని ప్రయత్నమే విడిచితిమి. తరువాతి రెండు సంవత్సరములలో బరువు మరి ఆరు కిలోలు పెరిగెను. మధుమేహపు గడప త్రొక్కితిరని వైద్యులు చెప్పిరి.

ఇప్పుడు ఆ రాత్రి లెక్క చూతము. ఆహారమునందలి శక్తిని కాలరీలతో కొలుతురు. పిండిపదార్థము గ్రామునకు 4, మాంసకృత్తులు గ్రామునకు 4, కొవ్వు గ్రామునకు 9 కాలరీల నిచ్చును. మా యింటి సున్నుండలో సుమారు 15 గ్రాముల మినుములు, 15 గ్రాముల బెల్లము, 10 గ్రాముల నేయి పడును. అన్నియు కలిసి దాదాపు 200 కాలరీలు. నాలుగింటికి 800. ఆ పది దినములలో మేము రోజుకు 700 చొప్పున తగ్గించి యుందుమనుకొన్నను 7,000 కాలరీలు మిగిలినవి. వానిలో 800 పోయినను 6,200 మా ఖాతాలోనే నిలిచియున్నవి. లెక్క చూడక దివాలా తీసితిమని భ్రమపడితిమి. మమ్ము చెరచినవి నాలుగు సున్నుండలు కావు. వాని వెంట వచ్చిన సిగ్గు.

ఇక ఆ రాత్రి మమ్ము వంటయింటికి నడిపించినదెవరు? కేవలము జిహ్వచాపల్యమేనా? అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944, 1945 సంవత్సరములలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల ఆహారమును 24 వారములపాటు దాదాపు సగమునకు తగ్గించి పరీక్షించెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. కాని వారి మనస్సునుండి తిండి ధ్యాస తొలగలేదు. తిండిని గూర్చియే మాటలాడిరి, తిండినే కలగనిరి. కొందరు వంటల పుస్తకములు సేకరించి చదువుకొనిరి. వారు మనోబలము లేనివారు కారు. 1999లో జపాను శాస్త్రజ్ఞులు జఠరమున పుట్టి ఆకలిని రేపెడు గ్రెలిన్ అను పదార్థమును కనుగొనిరి. బరువు తగ్గినప్పుడు అది సాధారణముగా పెరుగును. కనుక మితిమీరి కోసివేసినచో దేహమే తిరుగబడును. ఆ తిరుగుబాటును నీతిదోషముగా నెంచరాదు.

అందుచేత మొట్టమొదటి సూత్రము: తగ్గింపు చిన్నదిగా నుండవలెను. తొలుత మూడు దినములు ఏమియు మార్చక, తినునదెల్ల ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. పిమ్మట రోజుకు 300 మొదలు 500 కాలరీలు మాత్రమే తగ్గింపుడు. ఒక కిలో దేహపు కొవ్వులో సుమారు 7,700 కాలరీలుండును. రోజుకు 500 తగ్గించినచో తొలి మాసములలో వారమునకు అరకిలోకు కొంచెము తక్కువగా తగ్గవచ్చును. మొదటివారమున బరువు త్వరగా దిగినచో అందు చాల భాగము నీరే. పిదప వేగము మందగించినప్పుడు నిరాశ పడరాదు. స్త్రీలు 1,200, పురుషులు 1,500 కాలరీలకు దిగువకు వైద్యుల పర్యవేక్షణ లేక పోరాదు.

ఈ 500 ఎచ్చట దొరకును? అన్నపుగిన్నెను శత్రువుగా చూడకుడు. ముందు నూనెగిన్నెను చూడుడు. చిన్న చెంచాడు నూనె 5 గ్రాములు, 45 కాలరీలు. చేతివాటముగ వంచక చెంచాతో కొలిచి పోసినచో రుచి చెడకయే మనిషికి మూడు చెంచాలు మిగులును; అవి 135. రెండేసి చెంచాల పంచదారతో నాలుగు పర్యాయములు తేనీరు త్రాగువారికి 40 గ్రాముల పంచదారనుండి 160 కాలరీలు చేరుచున్నవి. సగము చేసినచో 80 మిగులును. తక్కినది మారు వడ్డించుకొను అన్నములోను, సాయంకాలపు బజ్జీలలోను దొరకును. మన ధాన్యములు, పప్పులు, కూరలలోని పోషకముల లెక్కలను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కట్టినది. 1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ యిది. 2017లో వెలువడిన దాని పట్టికలలో 528 ఆహారపదార్థముల వివరములున్నవి.

రెండవది, కోరికను గుర్తించుట. ఆకలికి మజ్జిగన్నమైనను ఇంపుగనే యుండును. నాలుకకు మాత్రము మిరపకాయ బజ్జీయే కావలెను. తినబుద్ధియైనప్పుడు "ఇప్పుడు మజ్జిగన్నము పెట్టిన తిందునా?" అని ప్రశ్నించుకొనుడు. తిందునన్నచో అది ఆకలి, భోజనమే చేయుడు. కాదన్నచో ఒక గ్లాసుడు పలుచని మజ్జిగ త్రాగి, పావుగంట వీధిలో నడచి రండు. పెక్కుమార్లు కోరిక కెరటమువలె లేచి తానే విరుగును.

మూడవది, ఆకలి ముదరనీయకుండుట. ఉదయము పెసరట్టో, గ్రుడ్డో, పప్పో ఉన్నచో మాంసకృత్తులు కడుపును చాలసేపు నిలుపును. మధ్యాహ్నము కూర రెండింతలు, అన్నము కొంచెము తక్కువ చేయుడు. నాలుగు గంటలకు గుప్పెడు ఉడికించిన సెనగలు తినుడు. రాత్రి భోజనము మానవలదు, త్వరగా ముగింపుడు. నిద్ర తక్కువైనచో మరునాడు ఆకలి పెరుగును గనుక వేళకు నిద్రింపుడు.

నాలుగవది, ఇష్టమైనదానిని నిషేధింపక లెక్కలో చేర్చుట. ఒక సున్నుండ 200. దానిని పగటివేళ పళ్లెములో నుంచుకొని, కూర్చుండి, నలుగురి యెదుట తినుడు, పుస్తకములో వ్రాయుడు. ఒకనాడు లెక్క మించినచో ఆ మించినదియు వ్రాయుడు. మరునాడు పస్తుండకుడు, యథాప్రకారము తినుడు.

గృహిణులకొక మనవి. ఇంట ఒకరు బరువు తగ్గ ప్రయత్నించుచున్నప్పుడు, "ఇంతేనా తినుట? నా వంట బాగులేదా?" అని మారు వడ్డింపకుడు, వారు తినుచున్నప్పుడు "ఇదేనా మీ పథ్యము?" అని పరిహసింపనుకూడదు. గర్భిణులు, బాలింతలు, ఎదుగు పిల్లలు ఈ తగ్గింపులకు పూనుకొనరాదు. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యులతో ముందుగా మాటలాడవలెను. తిండి తగ్గి మందు తగ్గనిచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

రెండవ ప్రయత్నమున మాకు తొమ్మిది కిలోలు తగ్గుటకు పదునెనిమిది నెలలు పట్టెను. ఆ నడుమ మూడు సంక్రాంతి, దసరా పండుగలు, రెండు పెండ్లిళ్లు గడచినవి. లెక్క మించిన దినములు పుస్తకము నిండ నున్నవి. సున్నుండల డబ్బా నేటికిని ఆ అరలోనే యున్నది. దాని మూతను మాత్రము మేమిప్పుడు పగలే తీయుచున్నాము.