అన్నయ్య కొట్టిన సెల్యూట్

పట్టాలు అందుకున్న పిల్లలందరికీ అభినందనలు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అందరూ మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారు. ఇంటికొకరు వెళ్తే అంత లెక్క తేలదేమో, అన్నదమ్ములు కలిసి వెళ్లి ఉంటారు. మా ఇంట్లో ముందు అన్నయ్య సైన్యంలోకి వెళ్లాడు. ఇక్కడే, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్లో బండ్ల మెకానిక్ పని నేర్చుకున్నాడు. తను పంపిన మనీఆర్డర్లతో నేను డిగ్రీ చదివి ఆఫీసర్నయ్యాను.

యూనిఫాంలో మేమిద్దరం తొలిసారి ఎదురుపడింది తిరుమలగిరిలో, ఒక వర్క్‌షాపులో. అన్నయ్య లారీ కింది నుంచి లేచాడు. గ్రీజు చేతిని డాంగ్రీకి తుడుచుకుని, నిటారుగా నిలబడి, "జైహింద్ సాబ్" అని సెల్యూట్ కొట్టాడు. ఆ సెల్యూట్ తమ్ముడికి కాదు, రాష్ట్రపతి ఇచ్చిన కమిషన్‌కు. నేనూ సెల్యూట్‌తోనే బదులిచ్చాను. సాయంత్రం వాళ్ల క్వార్టర్‌కు వెళ్లి కాళ్లకు దండం పెట్టాను.

1965 యుద్ధంలో ట్రెవర్ కీలర్, డెంజిల్ కీలర్ అనే అన్నదమ్ములు నాట్ విమానాల్లో పాకిస్తాన్ సేబర్ జెట్లను ఎదిరించారు. ఇద్దరికీ వీరచక్ర వచ్చింది. అలా పేరు సమానంగా దక్కే ఇళ్లు ఎన్నో ఉండవు. మామూలు ఇళ్లలో ఒకరు చదువుతారు, ఇంకొకరు చదివిస్తారు.

నా దిగులంతా ఆ రెండోవారి గురించే. బొల్లారం, బోయినపల్లి నుంచి వచ్చిన మీలో ఫౌజీ ఇళ్ల పిల్లలు చాలామంది. ఫీజు కట్టిన అన్న లేహ్‌లో డ్యూటీలో ఉంటాడు. ఇంటర్‌తో చదువు ఆపేసిన అక్క బట్టల షాపులో నిలబడి ఉంటుంది. రేపు ఆఫీసులో ఎవరైనా అడిగితే "మా అన్న ఆర్మీలో" అని అక్కడితో ఆపేస్తారేం? హవల్దార్ అని చెప్పడానికి నోరు రాదా? పెళ్లి శుభలేఖలో మామగారి హోదా పెద్దక్షరాల్లో వేయిస్తారు, అన్న పేరు పక్కన ఖాళీ వదిలేస్తారు! చెవి మెలేసి చెబుతున్నాను, ఆ పని చేయకండి.

మొదటి జీతం రాగానే ఆ అక్కను, ఆ అన్నను అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేర్పించండి. ఫీజు మీరు కట్టండి. వాళ్ల స్నాతకోత్సవం నాడు సెలవు పెట్టి వెళ్లి ముందు వరుసలో కూర్చోండి.

జైహింద్.