ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక



ఈ రోజు తలకు దెబ్బ తగిలిన మనిషి గురించి మాట్లాడుకుందాం.

తాటిచెట్టు మీంచి పడతారు. ట్రాక్టరు తిరగబడుతుంది. హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు మీద పోతూ పడతారు. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. డబ్బు అడగరు. 2005 నుంచి ఆ బండ్లు తిరుగుతున్నాయి, అది మీకు తెలిసిందే. డాక్టర్లు ప్రాణం నిలబెడతారు. కుట్లు విప్పి ఇంటికి పంపుతారు. అసలు చాకిరీ అప్పుడే మొదలవుతుంది. అది ఎవరి మీద పడుతుందో నేను చెప్పాలా?

మెదడు ఎడమ పక్క దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పుతాయి. చాలామందికి మాట కూడా ఆ పక్కే ఉంటుంది. దాహం వేస్తుంది గానీ "నీళ్లు" అనే మాట నోటికి రాదు. చూసిపోయేవాళ్లు "పిచ్చివాడైపోయాడు" అని అతని ఎదురుగానే అంటారు. అననివ్వకండి. మాట రాకపోయినా చాలామందికి అర్థమవుతూనే ఉంటుంది.

మంచం మీదే ఉంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. వీపు, మడమలు ఎర్రబడ్డాయేమో చూడండి. పడుకోబెట్టి గంజి పోయొద్దు. కూచోబెట్టి కొంచెం కొంచెం పట్టండి. పొలమారితే ఆపండి. ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. పట్టులేని చెయ్యి పట్టుకుని లాగి లేపితే భుజం జారుతుంది.

కసరత్తు ఆసుపత్రిలో నేర్పుతారు. మీరూ నేర్చుకుని ఇంట్లో రోజూ చేయించండి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పావుగంట పట్టినా అతన్నే పెట్టుకోనివ్వండి. మీరు పెట్టేస్తే ఆ వేళ్లు ఎప్పుడు నేర్చుకుంటాయి? మొదటి ఆరు నెలల్లో మార్పు త్వరగా కనిపిస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు.

మా పక్క ఊళ్లో ఒక అక్క ఉంది. రాత్రి బడిలోనే చదువు నేర్చింది. ఆమె భర్తకు పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఆమె కోసం చెరువు దాకా వెతుక్కుంటూ పోయేవాడు. అక్క బొగ్గుతో గోడ మీద రాసింది. "ఈ రోజు సోమవారం. నీ మాత్ర వేసుకున్నావు. నేను కూలికి పోయాను. సాయంతరం వస్తాను." వత్తు ఒకటి మర్చిపోయింది. అయితేనేం? అతను అది పదిసార్లు చదువుకుని అరుగు మీదే కూచున్నాడు. రోజూ కొత్త వారం, కొత్త రాత.

ఇక కోపం. నెమ్మదైన మనిషి కంచం విసిరేస్తాడు, బూతులు తిడతాడు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టిస్తారు. దయ్యం కాదమ్మా, దెబ్బ. అమెరికాలో ఫినియాస్ గేజ్ అని రైలుకట్ట పనివాడు ఉండేవాడు. 1848లో రాయి పేల్చే మందు పేలి ఇనుప గడ్డపార అతని చెంపలోంచి దూరి నెత్తి మీంచి బయటికొచ్చింది. బతికాడు. కానీ గుణం మారిపోయింది. పాత పనిలోకి మళ్లీ తీసుకోలేదు. తర్వాత చిలీ దేశం పోయి ఏళ్లతరబడి గుర్రపు బండ్లు తోలాడు. రోజూ అదే పని, అదే పద్ధతి. దానివల్లే కుదుటపడ్డాడని కొందరు పరిశోధకులు అంటారు. మీ ఇంట్లో కూడా లేవడం, తినడం, పడుకోవడం ఒకే వేళకు జరపండి. గోల తగ్గించండి. చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం పిల్లలతో పక్కకు తప్పుకోండి, డాక్టరుకు చెప్పండి.

గేజ్ 1860లో ఫిట్స్‌తో పోయాడు. తలదెబ్బ తర్వాత నెలలకు, ఏళ్లకు కూడా ఫిట్స్ రావచ్చు. వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలకూ ఆగకపోతే 108. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపొద్దు. కల్లు, సారా ముట్టనివ్వొద్దు.

చెయ్యి, కాలు, మాట తిరిగి రాకపోతే వికలాంగుల సర్టిఫికెట్ అడగండి. పింఛనుకు 40 శాతం రాయాలి. తల స్కానింగు, ఆసుపత్రి చీటీలు ఒక సంచిలో దాచండి. ప్రతి కాగితం మీదా తేదీ ఉందో లేదో మీరే చదివి చూసుకోండి.