కిరణమునకు గీసెడి ఎల్ల

మన కృష్ణా జిల్లా మంటాడలో జన్మించి, అమెరికాలో రేడియేషన్ వైద్యులుగా ఖ్యాతి గడించి, 2015లో పద్మశ్రీ నందుకొనిన నోరి దత్తాత్రేయుడుగారు విశేషముగ కృషి చేసినది, వ్యాధి యున్న చోటనే కిరణమూలమును ఉంచి చికిత్స చేసెడి బ్రాకీథెరపీ యందు.

ఆ బ్రాకీథెరపీ అవసరమగు వ్యాధులలో నొకటైన యోని క్యాన్సరునకు కిరణ చికిత్స ముఖ్యాధారము. అయితే కిరణము ఎంతవరకు? పైభాగమున పుట్టిన కణితి కటిలోని లింఫు గ్రంథులకును, దిగువ భాగమున పుట్టినది గజ్జలలోని గ్రంథులకును ప్రాకు స్వభావము గలది గనుక, వైద్యులు పరీక్షించి, స్కాన్ తీసి, ఆ గ్రంథులను గూడ ఎల్లలో చేర్చి, మూత్రాశయమును, పురీషనాళమును వీలైనంత కాపాడుచు చికిత్సాక్షేత్రమును నిర్ణయింతురు. చర్మముపై చిన్న చుక్కలు పెట్టుదురు; ప్రతిదినము ఆ గుర్తుల ననుసరించియే యంత్రము క్రింద పరుండబెట్టుదురు. కొన్ని వారములు బయటినుండి కిరణము. పిమ్మట, అవసరమును బట్టి, లోపలినుండి బ్రాకీథెరపీ.

మరల చెప్పుచున్నాను: కణితి యున్న చోటును బట్టియే ఎల్ల.

పామర్రు పరిసరముల తల్లులారా, ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినచో, అది ఈ వ్యాధి గుర్తు కావచ్చును గనుక, సిగ్గుపడి దాచవలదు. వెంటనే వైద్యులకు చూపించుకొనుడు.