అచ్చులో నిలిచిన పాట

పాట గాలిలో పుట్టి గాలిలోనే లీనమగును. శిష్యుడు లేని గాయకుడు కన్నుమూసిన నాడు అతని పాటయు అంతరించును. ఈ నష్టమును కొంత వారించినది అచ్చుయంత్రము.

1575లో ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్తు, తాలిస్, బర్డ్ అను ఇద్దరు సంగీత విద్వాంసులకు 21 ఏండ్లపాటు సంగీత ముద్రణపై గుత్తాధికారము నొసగెను. అచట పాటల పుస్తకము వర్తకపు సరకయ్యెను.

మన సంగీతమునకు వేరొక చిక్కు కలదు. స్వరములను మాత్రమే అచ్చొత్తినచో రాగమునకు ఎముకలగూడే మిగులును. కంపితము, జారు మున్నగు గమకములు లోపించును. ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడగు సుబ్బరామ దీక్షితులు గమకములకు ప్రత్యేక చిహ్నములతో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ఎట్టయపురమున వెలువరించెను. చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహము, ఆ సంస్థానాధిపతుల పోషణము అందుకు తోడయ్యెను. తమిళదేశమున వెలువడినను ఆ గ్రంథము తెలుగు లిపిలోనిది. ముత్తుస్వామి దీక్షితుల కృతులే అందు 229 కలవు.

1839లో జన్మించిన సుబ్బరామ దీక్షితులు తమ ఇంటి విద్యాధనమును ముదిమిలో లోకమునకు ధారవోసి, 1906లో పరమపదించెను. మరి రెండేండ్లు జాగుచేసియుండినచో ఎంత సంపద మట్టిపాలగునో యోచింపుడు!

పుస్తకము గురువునకు సాటిగాదు. గురుపరంపర తెగినచోట అది వంతెన. రావికమతము చుట్టుపట్ల తప్పెటగుళ్ల పాటలు, నాట్ల పాటలు ఎరిగిన వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు. వారు పాడుచుండగనే వ్రాసి భద్రపరచుట గ్రంథాలయ ధర్మము.