శబ్దం ఎప్పుడొస్తోందో చెప్పండి



మా షెడ్డుకు కారు తెచ్చేవాళ్లలో చాలామంది తాళం చేతికిస్తూనే "బేరింగ్ పోయిందండీ, మార్చేయండి" అంటారు. ఎవరు చెప్పారంటే పక్కింటాయన అనో, మా బావమరిది అనో అంటారు. చాలా ఏళ్ల కిందట అలా వచ్చిన ఒకాయన మాట పట్టుకుని నేనూ వెనక చక్రం బేరింగు మార్చేశాను. రెండోరోజే ఆయన తిరిగొచ్చారు. గూఁ అనే మోత ఎక్కడికీ పోలేదు. తీరా చూస్తే లోపం టైరులో ఉంది. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లంగా అరిగిన టైరు రోడ్డు మీద దొర్లుతుంటే అచ్చం అరిగిన బేరింగులాగే మూలుగుతుంది. ఆయన డబ్బు దండగైంది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. అప్పట్నుంచీ తాళం అందుకునే ముందే అడుగుతాను: శబ్దం ఎప్పుడొస్తోంది?

ఆ ప్రశ్నకు అంత విలువ ఎందుకో చెబుతాను. చిన్న కారు చక్రం ఒక్క చుట్టు తిరిగితే రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం పోతుంది. కిలోమీటరుకు సుమారు 500 చుట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి ఒక కిలోమీటరు కదా, అంటే చక్రం నిమిషానికి 500 సార్లు తిరుగుతోందన్నమాట. అదే నిమిషంలో ఇంజను టాప్ గేరులో పదిహేడు, పద్దెనిమిది వందల సార్లు తిరుగుతుంది. మూడో గేరులో అయితే మూడువేలకు దగ్గరగా తిరుగుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి గేర్లు మార్చే పనే లేదు. మోటారు సుమారు తొమ్మిది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది.

కాబట్టి ఖాళీగా ఉన్న రోడ్డు చూసుకుని, పాటలు ఆపి, ఏసీ కట్టేసి, 50 వేగంలో ఒకసారి మూడో గేరులోనూ ఒకసారి నాలుగో గేరులోనూ నడపండి. కారు వేగం ఒకటే, ఇంజను వేగమే మారింది. మోత మారకపోతే అది చక్రాల వైపు నుంచి వస్తున్నట్టు. గేరుతోపాటు మోత కూడా మారితే ఇంజను వైపు చూడాలి. ఈ ఒక్క సంగతి చెబితే మెకానిక్‌కు సగం పని తప్పుతుంది.

చక్రాల వైపే అని తేలిందనుకోండి. ఇప్పుడు మలుపుల్లో వినండి. కారు కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమవైపు చక్రాల మీద పడుతుంది. అప్పుడు మూలుగు పెరిగితే ఎడమ బేరింగును అనుమానించాలి. మలుపులో మార్పేమీ లేకపోతే ముందు టైర్లను వెనక్కీ వెనకవాటిని ముందుకీ మార్చి చూడండి. మోత కూడా చోటు మారితే దోషం టైరుదే. జాకీ మీద లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు టకటకమని ఆడితే బేరింగో, బాల్ జాయింటో వదులైనట్టు. దయచేసి ఒక్క జాకీనే నమ్ముకుని కారు కిందికి మాత్రం దూరకండి.

మలుపు సంగతి వచ్చింది కనుక డిఫరెన్షియల్ గురించి ఒక మాట. ఎడ్లబండికి ఇరుసు తిరగదు. రెండు చక్రాలూ దాని చుట్టూ దేనికది తిరుగుతాయి, కందెన పెడితే చాలు. కారులో అలా కుదరదు, ఇంజను బలం రెండు చక్రాలకూ అందాలి. కానీ చక్రాల మధ్య ఎడం 1.4 మీటర్లుంటే, కారు ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కంటే 8.8 మీటర్లు ఎక్కువ నడవాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే! రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైర్లు ఈడ్చుకుపోతాయి. అందుకే రెండూ వేరువేరు వేగాలతో తిరిగేలా డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక పెట్టారు. దానికీ ఒక ఇబ్బంది ఉంది. ఒక చక్రం బురదలో జారితే అదే గిర్రున తిరుగుతుంది, గట్టినేల మీదున్నది కదలదు. దమ్ము చేసే రైతుకిది బాగా తెలుసు. ట్రాక్టరులో రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ తొక్కేది అందుకే. మలుపు తిప్పేటప్పుడు మాత్రం దాన్ని వాడకూడదు.

ఇక ముందు చక్రాలకు బలం అందే కార్లలో, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టక్ టక్‌మని వినిపిస్తే అది సీవీ జాయింటు. చక్రం పక్కకు తిరిగినా వేగంలో హెచ్చుతగ్గులు రాకుండా బలం అందించే కీలు అది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారుతో చిన్న కార్లకు బాగా అలవాటైంది. దానికి రబ్బరు బూటు తొడిగి ఉంటుంది, లోపల గ్రీజు ఉంటుంది. బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుకా నీళ్లూ లోపలికి పోతాయి. బూటు చిరిగిన వెంటనే దాన్ని మారిస్తే తక్కువలో పోతుంది. టక్ టక్ మొదలయ్యాక జాయింటే మార్చాలి. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా చక్రం లోపలివైపు నల్లటి గ్రీజు మరక ఉందేమో చూడమనండి.

వణుకు గురించి క్లుప్తంగా చెబుతాను. 80 దాటాక స్టీరింగు వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగు చూపించండి. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కు చూపించండి. కారు ఒకవైపు లాగినా, టైరు ఒక అంచే అరిగినా అలైన్‌మెంటు.

పంక్చరు వేయించుకున్న తర్వాత యాభై, వంద కిలోమీటర్లకు ఆగి, నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో స్పానరుతో చూసుకోండి. వదులైన చక్రం ముందు చిన్నగా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు విన్నాక ఇంకొక్క ఊరు దాటుదామనుకోవద్దు.

దూరప్రయాణంలో టీకి ఆగినప్పుడు నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోనక్కర్లేదు, అరచేతి వెనకభాగం దగ్గరగా పెడితే చాలు. ముందువి వెనకవాటికంటే కాస్త వేడిగా ఉండడం మామూలే. కానీ ఒక చక్రం తన జత చక్రం కంటే బాగా వేడిగా ఉందంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు, బేరింగు బిగుసుకుంటూ ఉండొచ్చు. ఇల్లు పది కిలోమీటర్లే ఉన్నా సరే, కారు అక్కడే ఆపి మెకానిక్‌ను పిలిపించుకోండి.